రాజమండ్రి నల్లరాయి ఎక్కడి లావా? రాతిలోని రవ్వంత మూలకాలు చెప్పే సాక్ష్యం, అందులోని చిక్కులు

రాజమండ్రి పక్కనే కాతేరు. గోదావరి దాటి కొవ్వూరు వైపు వెళ్తే గౌరీపట్నం, పంగిడి, దుద్దుకూరు. ఈ ఊళ్ల దగ్గర నల్లరాయి క్వారీలు ఎప్పటినుంచో ఉన్నాయి. క్వారీ గోడకు ఎదురుగా నిలబడి చూస్తే కింద నల్లరాతి పొర, దాని మీద సున్నపురాయీ మట్టీ కలిసిన తెల్లటి పలుచని పొర, ఆ పైన మళ్లీ నల్లరాయి కనిపిస్తాయి. తెల్ల పొరలో నత్తగుల్లల శిలాజాలు దొరుకుతాయి. అంటే ఒకసారి లావా పారి గడ్డకట్టింది. దాని మీద నీళ్లు నిలిచి, అందులో జీవులు బతికాయి. ఆ తర్వాత ఇంకోసారి లావా వచ్చి అన్నిటినీ కప్పేసింది.

ఆ లావా ఎక్కడిది? చుట్టుపక్కల అగ్నిపర్వతం జాడ లేదు. చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పే జవాబు వింటే మొదట నమ్మబుద్ధి కాదు. ఇది మహారాష్ట్రలో, పడమటి కనుమల వైపు పుట్టి, దాదాపు 1000 కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిన లావా అని వాళ్ల మాట. పారుతుంటే చూసినవాళ్లు లేరు. అప్పటికి మనిషే లేడు. ఇంత పెద్ద మాట ముఖ్యంగా నిలబడింది కొన్ని అంకెల మీద: ఆ రాతిలో రవ్వంత మాత్రమే ఉండే మూలకాలు ఎంతెంత ఉన్నాయి, వాటి ఐసోటోపుల (అంటే ఒకే మూలకంలో బరువు వేరైన రూపాల) నిష్పత్తి ఎంత అన్నవాటి మీద. ఆ అంకెలు ఇచ్చే యంత్రం పేరు మాస్ స్పెక్ట్రోమీటర్.

లాంథనం, సీరియం, నియోడిమియం లాంటి రేర్ ఎర్త్ మూలకాలున్న ఖనిజాల గొడవ మొదలయ్యాక ఇలాంటి అంకెలు రోజూ పేపర్లలో కూడా వస్తున్నాయి. ఫలానా జిల్లాలో నియోడిమియం దొరికిందట, ఇన్ని పీపీఎం ఉందట అని. ఆ అంకె ఎలా పుడుతుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

పీపీఎం అంటే ఎంత, "దొరికింది" అంటే ఏమిటి

పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు. టన్ను రాతిలో ఒక గ్రాము అన్నమాట. పీపీబీ అయితే అందులో వెయ్యో వంతు, టన్నుకు ఒక మిల్లీగ్రాము. ఒక శాతం అంటే 10,000 పీపీఎం. రాతిలో సుమారు 1000 పీపీఎం కంటే తక్కువగా ఉండే మూలకాలను ట్రేస్ ఎలిమెంట్లు అంటారు.

భూమి పైపొరలోని శిలలన్నిటి సగటు తీస్తే సీరియం 63 పీపీఎం దాకా ఉంటుంది. రాగి 28 దగ్గర ఉంటుంది. సీరియం రేర్ ఎర్త్ జాబితాలోది, రాగి కాదు. పేరులోనే తిరకాసు ఉంది. ఈ మూలకాలు అసలు లేకపోవడం కాదు కష్టం, ఒకచోట కుప్పగా దొరకకపోవడం కష్టం.

2023లో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు అనంతపురం జిల్లాలోని సయనైట్ అనే శిలల్లో లాంథనం, సీరియం, నియోడిమియం వంటివి ఉన్నాయని చెప్పినప్పుడు పెద్ద వార్త అయింది. ఆ మాటకు అర్థం, ఈ మూలకాలు మామూలుకంటే ఎక్కువగా చేరిన ఖనిజాలు అక్కడ ఉన్నాయని. రేపే గని తవ్వుతారని కాదు. ఎంత లోతు, ఎంత విస్తీర్ణం, ఆ ఖనిజం నుంచి మూలకాన్ని విడదీయడానికి ఎంత ఖర్చు అన్నవి వేరే ప్రశ్నలు. సముద్రపు ఇసుకలో దొరికే మోనజైట్ గింజనే తీసుకుంటే, దాని బరువులో సగానికి పైగా రేర్ ఎర్త్ ఆక్సైడ్లే. కానీ ఆ గింజలు ఇసుకలో కొద్దిగానే ఉంటాయి. గింజలో ఎంత ఉంది, మొత్తం ఇసుకలో ఎంత ఉంది అన్న రెండు అంకెలనూ కలిపేస్తే వార్త ఎక్కడికో వెళ్లిపోతుంది.

పప్పుచారులో ఇంగువ లాంటివి

మహారాష్ట్ర వైపు పీఠభూమి నిండా పరుచుకున్న దక్కన్ లావాలన్నీ చూడటానికి ఒకటే, నల్లగా ఉంటాయి. వాటిలో ఎక్కువగా ఉండే పదార్థాలూ దాదాపు ఒకటే. బరువులో సగం దాకా సిలికా, తర్వాత అల్యూమినియం, ఇనుము, కాల్షియం, మెగ్నీషియం. ఎవరింటి పప్పుచారులోనైనా కందిపప్పు, చింతపండు, నీళ్లే కదా. ఎవరింటిదో పోల్చుకునేది ఇంగువనూ పోపునూ బట్టి. రాతిలో ఆ పని చేసేవి ట్రేస్ ఎలిమెంట్లు.

భూమి లోపలి రాయి కరగడం మొదలైనప్పుడు బేరియం, రుబీడియం, నియోబియం, లాంథనం లాంటివి ముందుగా ద్రవంలోకి వచ్చేస్తాయి. గట్టి ఖనిజాల స్ఫటికాల్లో వాటికి సరిపడా చోటుండదు. కాబట్టి కొద్దిగా కరిగిన లావాలో ఇవి చిక్కగా, బాగా కరిగిన దానిలో పలుచగా ఉంటాయి. పైకి వచ్చేదారిలో లావా పాత గ్రానైట్‌ను కొంత కరిగించి కలుపుకుంటే ఈ లెక్క మళ్లీ మారుతుంది. ఇలాంటి తేడాలను బట్టే పడమటి కనుమల్లోని లావా దొంతరను బుషె, పోలాద్‌పూర్, అంబెనలి, మహాబలేశ్వర్ అని పేర్లు పెట్టి పొరలుగా విడగొట్టారు. కంటితో చూసి మాత్రమే అయితే అలా విడగొట్టడం చాలా కష్టం.

ఒకే మూలకం, వేరే బరువు

ఒక మూలకంలోని పరమాణువులన్నిటికీ ప్రోటాన్ల సంఖ్య ఒకటే, న్యూట్రాన్ల సంఖ్య మాత్రం మారవచ్చు. అలా బరువు మారిన రూపాలే ఐసోటోపులు. స్ట్రాన్షియంకు 84, 86, 87, 88 బరువుల్లో నాలుగు ఉన్నాయి. వీటిలో 87 సంగతి వేరు. రుబీడియం-87 నెమ్మదిగా క్షీణించి స్ట్రాన్షియం-87గా మారుతుంది కాబట్టి అది పెరుగుతూ పోతుంది. రుబీడియం-87 సగానికి తగ్గడానికి సుమారు 4,960 కోట్ల ఏళ్లు పడుతుంది. భూమి వయసుకు పది రెట్లకు పైనే.

హైదరాబాద్ చుట్టూ గుండ్రాళ్లు పేర్చినట్టు కనిపించే గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్ల దగ్గర. అలాంటి ఒక గ్రానైట్ పుట్టినప్పుడు స్ట్రాన్షియం 87/86 నిష్పత్తి 0.702 అనీ, అందులో రుబీడియం-87, స్ట్రాన్షియం-86 సమానంగా ఉన్నాయనీ అనుకుందాం. 250 కోట్ల ఏళ్లలో పెరిగేది సుమారు 0.0355. కాబట్టి ఇప్పుడు 0.7375 అవుతుంది. భూమి లోపల నుంచి నేరుగా వచ్చే లావాలో మాత్రం రుబీడియం చాలా తక్కువ కాబట్టి 0.704 దగ్గరే ఉంటుంది. ఇప్పుడు ఈ రెండూ కలిశాయనుకుందాం. లావా 90 పాళ్లు, గ్రానైట్ 10 పాళ్లు, రెంటిలోనూ స్ట్రాన్షియం సమానం. 0.704లో తొమ్మిది వంతులు, 0.7375లో ఒక వంతు కలిపితే 0.7074 వస్తుంది. మూడో దశాంశంలో మార్పు. మనకు చిన్నదే, నాలుగైదు దశాంశాలు కచ్చితంగా చెప్పే యంత్రానికి కొండంత.

అంబెనలి పొర 0.704 దగ్గర ఉంటుంది, అంటే గ్రానైట్ పెద్దగా అంటలేదు. బుషె పొరలో 0.71 దాటిన రాళ్లున్నాయి, అంటే గట్టిగానే అంటింది. రాజమండ్రి నల్లరాళ్లను కొలిస్తే అవి అంబెనలి, మహాబలేశ్వర్ పొరల లెక్కలతో కలిశాయి.

తూర్పారపట్టినట్టే, కాకపోతే పరమాణువులను

కళ్లంలో తూర్పారపట్టేటప్పుడు చేటను ఎత్తి గాలికి వదులుతారు. గట్టి గింజ దగ్గర్లోనే రాలుతుంది, తాలు దూరం కొట్టుకుపోతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ చేసేది అదే పని. ముందు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్ ఊడగొట్టి వాటిని అయాన్లుగా మార్చాలి, లేకపోతే అవి అయస్కాంతం మాట వినవు. తర్వాత వాటిని అయస్కాంత క్షేత్రంలోకి తోస్తే తేలికైనవి ఎక్కువ వంపు తిరుగుతాయి, బరువైనవి తక్కువ. చివర్లో ఏ దారిలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాలి.

1912లో జె.జె. థామ్సన్ నియాన్ వాయువును ఇలా నడిపిస్తే 20 దగ్గర ఒక గీత, 22 దగ్గర ఇంకో గీత పడ్డాయి. ఆయన దగ్గర పనిచేసిన ఆస్టన్ 1919లో మెరుగైన యంత్రం కట్టి ఒక్కో మూలకాన్నీ తూచుకుంటూ పోయాడు. 1922లో ఆయనకు నోబెల్ వచ్చింది.

రాళ్ల పనికి ఇప్పుడు ప్రధానంగా వాడేది ఐసీపీ-ఎంఎస్. ఆర్గాన్ వాయువును రేడియో తరంగాలతో 6 వేల నుంచి 10 వేల డిగ్రీల దాకా వేడిచేసి, ఆ మంటలోకి రాతి ద్రావణాన్ని తుంపరగా చల్లుతారు. సూర్యుడి ఉపరితలం కంటే వేడి. అందులో పడ్డ చాలా మూలకాలు అయాన్లయిపోతాయి. 1980లో అమెరికాలోని శామ్యూల్ హౌక్ బృందం ఈ మంటను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కలిపిన పద్ధతిని ప్రచురించింది. మూడేళ్లలో యంత్రాలు మార్కెట్లోకి వచ్చాయి. కొన్ని నిమిషాల్లో ముప్పై నలభై మూలకాలు చెప్పేస్తుంది. ఐసోటోపుల నిష్పత్తి మరీ కచ్చితంగా కావాలంటే ఎక్కువగా నమ్ముకునేది టిమ్స్ అనే పాత పద్ధతిని. శుద్ధిచేసిన మూలకాన్ని సన్నని లోహపు తీగ మీద చుక్కగా ఆరబెట్టి, తీగను ఎర్రగా కాల్చి అయాన్లు తీస్తారు. నెమ్మదైన పని, ఒక్కో శాంపిల్‌కు గంటలు పడుతుంది. రాయిని కరిగించకుండా లేజర్‌తో సూదిమొనంత చోట గిల్లి కొలిచే పద్ధతీ ఉంది. వేగం దానిది, కచ్చితత్వం టిమ్స్‌ది.

మిషన్ దాకా చేరే ముందే సగానికి పైగా పని

ఖరీదైన యంత్రం ఫొటోలే పేపర్లలో వస్తాయి. అసలు తప్పులు జరిగేది మాత్రం సుత్తి దగ్గర, మిల్లు దగ్గర, టెఫ్లాన్ డబ్బా దగ్గర.

క్వారీలో రాయి పగలగొట్టగానే అంచున గోధుమరంగు పొర కనిపిస్తుంది. వానకూ ఎండకూ మారిపోయిన రాయి అది. రుబీడియం, బేరియం లాంటివి అందులో కడిగేసుకుపోయి ఉండవచ్చు, బయటినుంచి చేరి ఉండవచ్చు. దాన్ని చెక్కేసి లోపలి నల్లటి భాగాన్నే తీసుకోవాలి. లావా చల్లారేటప్పుడు గ్యాస్ బుడగలు మిగిల్చిన గుంటల్లో తర్వాతెప్పుడో నీళ్లు చేరి తెల్లటి కాల్సైట్, జియోలైట్ గింజలు పేరుకుంటాయి. ఆ తెల్ల గింజల్లోని స్ట్రాన్షియం లావాది కాదు, భూగర్భ జలానిది. రాయిని మిరియాల సైజుకు కొట్టి, భూతద్దం కింద చిన్న చిమటా పట్టుకుని వాటిని ఒక్కొక్కటీ ఏరాలి. బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపిక కావాలి.

తర్వాత పొడిచేయడం. టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లులో వేస్తే పని చిటికెలో అవుతుంది, కానీ రాతి పొడిలోకి టంగ్‌స్టన్, కోబాల్ట్ చేరతాయి, టాంటలం కూడా. ఆ మూలకాలు కావాలంటే అగేట్ రాతితో చేసిన మిల్లులోనే రుబ్బాలి.

ఆ పిండిలో 0.1 గ్రాము తీసుకుని హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల్లో కరిగిస్తారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును తినేస్తుంది, అందుకే టెఫ్లాన్ డబ్బాలు. మనిషి చర్మంలోంచి కూడా లోపలికి దిగి ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. అందుకే ఆ ఆమ్లం వాడే గదిలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు చేతికందేలా ఉండాలి. రెండు మూడు రోజులు వేడి పలక మీద ఉంచాక డబ్బాలో తేటనీళ్ల లాంటి ద్రావణం మిగులుతుంది. దాన్ని 100 మిల్లీలీటర్లకు పలుచన చేస్తే రాయి వెయ్యి రెట్లు పలుచబడినట్టు. రాతిలో 1 పీపీఎం ఉన్న మూలకం యంత్రంలోకి వెళ్లేటప్పుడు 1 పీపీబీ. అదీ సులువుగానే చూడగలదు.

అయితే తేటగా కనిపించినంత మాత్రాన అంతా కరిగినట్టు కాదు. జిర్కాన్ అనే చిన్న ఖనిజం మామూలు వేడికి లొంగదు. ఒత్తిడి తట్టుకునే ఉక్కు తొడుగులో పెట్టి 200 డిగ్రీలకు పైన రోజుల తరబడి ఉడకబెట్టాలి. గ్రానైట్‌లోని జిర్కోనియం, హాఫ్నియం చాలావరకు ఉండేది ఆ గింజల్లోనే. డబ్బా అడుగున కంటికి ఆనని నలుసులు మిగిలిపోతే ఆ రెండు అంకెలు తక్కువ వస్తాయి, మిగతావి చాలావరకు సరిగ్గానే ఉంటాయి. తప్పు జరిగిందన్న అనుమానం కూడా రాదు.

గాలిలోని సీసం నేర్పిన పాఠం

శాంపిల్ లేకుండా ఉత్త ఆమ్లాలతోనే మొదటినుంచి చివరిదాకా అన్ని పనులూ చేసి కొలిస్తే వచ్చే అంకెను బ్లాంక్ అంటారు. ఆమ్లం, డబ్బా, గది గాలి, మన చొక్కా, ఇవన్నీ కలిపి ఎంత అంటించాయో అది చెబుతుంది.

పట్టించుకోవాలా వద్దా అనేది శాంపిల్‌ను బట్టి. 0.1 గ్రాము నల్లరాతిలో సీసం 2 పీపీఎం ఉందంటే మొత్తం 200 నానోగ్రాములు. బ్లాంక్ 0.2 నానోగ్రాము అయితే వెయ్యిలో ఒక వంతు, వదిలేయవచ్చు. అదే ఒక్క జిర్కాన్ గింజలో సీసం 10 పికోగ్రాములే ఉంటే? పికోగ్రాము అంటే నానోగ్రాములో వెయ్యో వంతు. అక్కడ 0.2 నానోగ్రాము బ్లాంక్ అంటే అసలుకు ఇరవై రెట్లు. కొలిచింది గదిలోని దుమ్మునే. అందుకే మంచి ల్యాబులు ఆ పనికి బ్లాంక్‌ను ఒక పికోగ్రాము లోపు ఉంచుతాయి. వడగట్టిన గాలి, తలనుంచి కాలిదాకా తొడుగు, మళ్లీ మళ్లీ స్వేదనం చేసిన ఆమ్లం కావాలి.

ఈ పట్టుదల క్లెయిర్ ప్యాటర్సన్‌తో మొదలైంది. ఉల్కల్లోని సీసం ఐసోటోపులు కొలిచి 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చింది ఆయనే. ఏళ్లతరబడి ఆయన్ని విసిగించింది కొలత కాదు, ఎక్కడ చూసినా అంటుకునే సీసం. అది ఎక్కడినుంచి వస్తోందని వెతికితే అప్పట్లో పెట్రోల్‌లో కలిపే సీసం బయటపడింది. దాని మీద ఆయన చేసిన పోరాటం ఇంకో పెద్ద కథ.

తాలు కాదు, గింజ బరువే ఉన్న రాయి

బియ్యం చెరిగితే ఊక పోతుంది కానీ బియ్యపుగింజ అంతే బరువున్న రాయి పోదు. ఐసీపీ-ఎంఎస్‌లో పెద్ద తలనొప్పి ఇదే. బరువు ఒకటే అయితే యంత్రం తేడా చూడలేదు.

ఆ మంటలో ఆర్గాన్ నిండుగా ఉంటుంది. ఆర్గాన్-40, ఆక్సిజన్-16 అతుక్కుంటే 56. ఇనుము-56 కూడా అంతే. ఆర్గాన్-40తో క్లోరిన్-35 కలిస్తే 75, అది ఆర్సెనిక్ బరువు. అందుకే రాతిని చివర్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాకుండా నైట్రిక్‌లో ఉంచడానికి ఇష్టపడతారు.

రేర్ ఎర్త్ మూలకాల్లో ఇంకా గమ్మత్తైన కేసు యూరోపియంది. బేరియం-135కు ఆక్సిజన్ అంటుకుంటే 151 అవుతుంది. యూరోపియం-151 బరువు దాదాపు అదే. ఒక రాతిలో పరమాణువుల లెక్కన బేరియం 1000, యూరోపియం 1 ఉన్నాయనుకుందాం. బేరియంలో 135 వాటా 6.6 శాతం, అంటే 66. వాటిలో నూటికి ఒకటి ఆక్సైడ్ అయితే 0.66. అసలు యూరోపియంలో 151 వాటా 48 శాతం, అంటే 0.48. దొంగలే ఎక్కువయ్యారు! యంత్రాన్ని బాగా సర్ది ఆక్సైడ్‌ను వెయ్యికి ఒకటికి తగ్గిస్తే దొంగల వాటా 0.066కు దిగుతుంది. అప్పుడూ అసలు దానిలో 14 శాతం. ఉత్త బేరియం ద్రావణం పెట్టి, ఎంత ఆక్సైడ్ పుడుతోందో చూసి తీసివేయాలి. మంగంపేట ముగ్గురాయి అంటే బేరియం ఖనిజమే. దాంట్లో యూరోపియం కొలవమంటే ఈ తీసివేత కూడా చాలదు, ముందే బేరియాన్ని విడదీయాలి.

అనుభవం ఉన్నవాళ్లు ఇంకో దారిలో కూడా పట్టుకుంటారు. రేర్ ఎర్త్ మూలకాలను ఉల్కల్లోని విలువలతో భాగించి వరసగా గీత గీస్తే అది నున్నగా రావాలి. సీరియం, యూరోపియం దగ్గర మాత్రం సహజంగానే ఎత్తుపల్లాలు రావచ్చు. యూరోపియం దగ్గర హఠాత్తుగా గుట్ట లేచిందంటే ఆ రాతిలో బేరియం ఎంతో ముందు చూడాలి, సిద్ధాంతం తర్వాత.

నిజానికి ఈ జంటల బరువుల్లో రవ్వంత తేడా ఉంటుంది. ఆర్సెనిక్‌ను, దాని దొంగను విడదీయడానికి బరువులో సుమారు ఏడు వేల ఎనిమిది వందల్లో ఒక వంతు తేడా చూడగలిగితే చాలు, మంచి యంత్రాలు పదివేల దాకా వెళ్తాయి. కానీ రుబీడియం-87, స్ట్రాన్షియం-87 తేడా చూడాలంటే 2,87,000లో ఒక వంతు కనిపెట్టాలి. ఈ పనికి వాడే ఏ అయస్కాంత యంత్రానికీ అంత చూపు లేదు. అందుకని కొలవక ముందే, రెజిన్ నింపిన సన్నని గొట్టంలోంచి ఆమ్లం చుక్కలు చుక్కలుగా పోసి రుబీడియాన్ని కడిగేసి స్ట్రాన్షియాన్ని వేరుగా పట్టుకుంటారు. రెండింట్లో ఒక్క స్ట్రాన్షియంతోనే ప్రతిచర్య జరిపే వాయువును యంత్రంలోకి వదిలి, దాని బరువు మార్చేసి కొలిచే కొత్త పద్ధతులూ వచ్చాయి.

చెరువులో చేపల లెక్క

చెరువులో ఎన్ని చేపలున్నాయో తెలియాలి. 100 చేపలకు గుర్తుపెట్టి వదిలాం. బాగా కలిశాక వల వేస్తే 50 పడ్డాయి, వాటిలో గుర్తువి 5. పదో వంతు గుర్తువి అయితే చెరువులో మొత్తం 1000. మనం వదిలినవి తీసేస్తే 900. వలలోంచి సగం చేపలు జారిపోయినా ఈ లెక్క చెడదు, జారేవి రెండు రకాలూ ఒకే పాళ్లలో జారతాయి కాబట్టి.

ఐసోటోప్ డైల్యూషన్ అంటే ఇదే. ఒక అరుదైన ఐసోటోపును చిక్కబరిచిన ద్రావణాన్ని, దాన్ని స్పైక్ అంటారు, తూచి రాతి పొడిలో కలుపుతారు. చివర్లో కొలిచేది నిష్పత్తే కాబట్టి మధ్యలో కొంత ఒలికిపోయినా నష్టం లేదు. ఇంతకంటే నమ్మదగిన పద్ధతి లేదంటే ఎవరూ కాదనరు. ఒకటే షరతు, గుర్తుచేపలు మిగతా వాటితో కలవాలి. కరగకుండా అడుగున ఉండిపోయిన జిర్కాన్ దగ్గర ఆ షరతు దెబ్బతింటుంది. స్పైక్ నీళ్లలో, అసలు రాయిలో.

కాటా నిలకడగా ఉంది, సరే, నిజం చెబుతోందా?

కిరాణా కాటా ఐదుసార్లు తూచినా 980 గ్రాములే చూపిస్తే నిలకడ ఉన్నట్టు. అసలు బరువు కిలో అయితే ఆ నిలకడ దేనికీ పనికిరాదు. ల్యాబు రిపోర్టులో ± తర్వాత ఉండే అంకె చాలాసార్లు ఈ నిలకడను మాత్రమే చెబుతుంది. నిజానికి దగ్గరగా ఉందో లేదో తెలియాలంటే తూకంరాయి కావాలి. నల్లరాళ్లకు అలాంటి తూకంరాయి బీహెచ్‌వీవో-2, హవాయి అగ్నిపర్వతపు రాయిని పొడిచేసి సీసాల్లో పంచినది. అందులో స్ట్రాన్షియం 394 పీపీఎం దగ్గర ఉండాలి. ఐసోటోపులకైతే ఎస్ఆర్ఎం-987 అనే స్ట్రాన్షియం లవణం, నిష్పత్తి 0.71025. ఒక రోజు యంత్రం దానికి 0.71029 చూపిస్తే ఆరోజు శాంపిళ్లన్నిటినీ ఆ మేరకు సరిచేస్తారు. రాజమండ్రి రాయిని ఒక దేశంలోనూ మహాబలేశ్వర్ రాయిని ఇంకో దేశంలోనూ కొలిచి పక్కపక్కన పెట్టగలుగుతున్నారంటే మధ్యలో ఈ తూకంరాళ్లు ఉండబట్టే. రిపోర్టులో వీటి విలువలు లేకపోతే మిగతా పట్టిక ఎంత పొడవున్నా నేనైతే పక్కన పెడతాను.

ఒకే సంచికలో రెండు వయసులు

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నా గొప్ప ల్యాబులు రెండు వేర్వేరు కథలు చెప్పగలవు. దక్కన్ లావాల విషయంలోనే జరిగింది. 2019 ఫిబ్రవరిలో "సైన్స్" పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వేసింది. డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటి ఘట్టానికి ముందు ఎంత లావా వచ్చింది, తర్వాత ఎంత వచ్చింది అన్నది ప్రశ్న.

ప్రిన్స్‌టన్ బృందం యురేనియం-సీసం పద్ధతి వాడింది. యురేనియం-238 క్షీణించి సీసం-206 అవుతుంది. 6.6 కోట్ల ఏళ్ల జిర్కాన్‌లో ప్రతి 1000 యురేనియం పరమాణువులకు సుమారు 10.29 సీసం పరమాణువులుంటాయి. అది 10.19 అని కొలిస్తే, ఒక్క శాతం తేడా, వయసు ఆరున్నర లక్షల ఏళ్లు తగ్గిపోతుంది. దక్కన్ లావాలో చాలాభాగం పది లక్షల ఏళ్ల లోపే వచ్చేసింది. అంటే శాతం తేడా ఉన్న కొలతతో ముందా తర్వాతా అన్న ప్రశ్నే అడగలేం. వెయ్యిలో ఒక వంతు లోపు కావాలి. ఆ స్థాయిలో కొలిచి, లావా నాలుగు దఫాలుగా ఉరికిందనీ, అందులో ఒకటి ఆ ఘట్టం నాటి గ్రహశకలం ఢీకొనడానికి కొన్ని పదుల వేల ఏళ్ల ముందు మొదలైందనీ వాళ్లు చెప్పారు.

బర్క్‌లీ బృందం ఆర్గాన్ పద్ధతి వాడింది. పొటాషియం-40 నుంచి పుట్టే ఆర్గాన్-40ని కొలవడం. వాళ్లకు విడివిడి దఫాలు కనిపించలేదు. లావాలో ముప్పావు వంతు ఆ ఘట్టం తర్వాతే వచ్చిందన్నారు.

ఎవరిది తప్పు? అలా అడగడం కంటే ఒక్కో పద్ధతికీ ఎక్కడ నొప్పో చూడటం మేలు. నల్లరాతి లావాలో జిర్కాన్ దొరకడం గగనం. అందుకని ప్రిన్స్‌టన్ వాళ్లు లావా పొరల మధ్య ఎర్రమట్టి పొరల్లో, ఎక్కడినుంచో పడ్డ బూడిదలోని జిర్కాన్లు వెతికారు. గింజ స్ఫటికంగా మారిన రోజు, అది నేల మీద పడ్డ రోజు ఒకటి కాకపోవచ్చు. ఆర్గాన్ వాళ్లు లావాలోని ఖనిజాన్నే తీసుకున్నారు, అది వాళ్ల బలం. కానీ అందులో పొటాషియం చాలా తక్కువ, కాబట్టి ఒక్కో వయసుకూ ± పెద్దది. పైగా ఆర్గాన్ పద్ధతిలో వయసు ఎప్పుడూ ఒక ప్రమాణ ఖనిజంతో పోల్చి చెప్పేదే. అమెరికాలోని ఫిష్ కాన్యన్ నుంచి తెచ్చిన ఆ ఖనిజానికి కొందరు 2.8201 కోట్ల ఏళ్లు, ఇంకొందరు 2.8294 కోట్ల ఏళ్లు వాడతారు. మిగతా లెక్కంతా అలాగే ఉంచి ఈ ఒక్క అంకె మారిస్తే దక్కన్ వయసు రెండు లక్షల ఏళ్లకు పైగా జరుగుతుంది.

అలాగని రెండు బృందాలూ అన్నిట్లో విడిపోలేదు. లావాలో అధికభాగం సుమారు పది లక్షల ఏళ్లలోనే వచ్చిందని ఇద్దరి అంకెలూ అంటున్నాయి.

వేలిముద్ర కలిసింది, మరి దారి?

మళ్లీ కాతేరు క్వారీకి. ట్రేస్ ఎలిమెంట్లు కలిశాయి, ఐసోటోపులు కలిశాయి. కింది పొర రాతిలో నాటి భూఅయస్కాంత దిశ తలకిందులుగా, పై పొరలో ఇప్పటిలాగే నమోదై ఉంది. అంబెనలి, మహాబలేశ్వర్ పొరల వరసకూ ఇది సరిపోతుంది. అందుకే ఇవి భూమ్మీదనే అతి పొడవైన లావా ప్రవాహాలని చాలామంది ఒప్పుకుంటారు. పైన గట్టి పెంకు కట్టాక లోపల లావా వేడి తగ్గకుండా, పాత నదీ లోయలు పట్టుకుని చాలా దూరం పోగలదని వాళ్ల వాదన. అమెరికాలోని కొలంబియా నది ప్రాంతపు లావాలు వందల కిలోమీటర్లు పారినట్టు ఆధారాలున్నాయి.

ఒప్పుకోని వాళ్ల మాటలోనూ పస ఉంది. దక్కన్ లావా తెలంగాణలో వికారాబాద్ దాకా కనిపిస్తుంది. అక్కడినుంచి రాజమండ్రి దాకా వందల కిలోమీటర్లలో ఆ ప్రవాహం మిగిల్చిన పొర లేదు. కొట్టుకుపోయిందంటే పోయిందనుకోవాలి. పైగా వేలిముద్ర కలిస్తే మూలం ఒకటని తెలుస్తుంది, దారి తెలియదు. అదే శిలాద్రవం నేల లోపలి పగుళ్ల వెంట వచ్చి, గోదావరి దగ్గరే పైకి పొంగినా అంకెలు దాదాపు ఇలాగే రావచ్చు.

ఇక్కడ ఐసోటోపులే కొంత మొగ్గు చూపిస్తాయని నాకనిపిస్తుంది. లావా ఇక్కడే పైకి వచ్చి ఉంటే తూర్పు కనుమల పాత రాళ్లను ఎంతో కొంత కరిగించుకుని, స్ట్రాన్షియం నిష్పత్తిలో ఆ జాడ మోయాలి. గ్రానైట్ పెద్దగా అంటని అంబెనలి లాంటి అంకె రావడం దానికి అనుకూలంగా లేదు. అయితే జాడ కనిపించలేదంటే రాలేదని కాదు, పగులు గోడలు ముందే గట్టిపడి ఉంటే లావా శుభ్రంగానే పైకి రాగలదు.

ఈ లావా పొరలు రాజమండ్రితో ఆగవు. సముద్రం వైపు వాలి, కోనసీమ మట్టి కింద ఎంతో లోతుకు దిగిపోతాయి. చమురు కోసం ఓఎన్జీసీ వేసిన బావుల్లో తగిలిన ఆ నల్లరాతికి రాజోలు పేరే పెట్టారు. క్వారీలో దొరికే పొరలు అంచు మాత్రమే. లోతున ఉన్నవి ఒక్కొక్కటీ ఏ పొరతో కలుస్తాయో, వాటిలో ఎక్కడైనా తూర్పు కనుమల జాడ ఉందో చూడాలంటే మళ్లీ ఆ డ్రిల్లింగ్ ముక్కల్లోంచి తెల్ల గింజలు ఏరడం దగ్గరే మొదలుపెట్టాలి.